రాగం లేని పిలుపు

ఇరవై ఆరేళ్లు జనానికి మాట్లాడటం నేర్పి బతికాను. ఆ ఇరవై ఆరేళ్లలో నేను సంపాదించుకున్న పేరు, “మేడం మంచిదే గని నోరు మంచిది కాదు.” కామారెడ్డిలో మా కేంద్రానికి వచ్చినవాళ్లలో సగం మంది ఈ మాట నా వెనకాల అన్నారు. మిగతా సగం ముందే అన్నారు.

పోయిన ఏడాది ఆ కేంద్రం మూతపడింది, నేను ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు ఇదే చదువు చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవంలో పెద్ద విజయం ఏది మేడం అని అడుగుతుంటారు. విజయాలు చెప్పుకునేవాళ్లకు ఈ వృత్తిలో కొదవలేదు. ప్రతి సమావేశంలోనూ నలుగురు దొరుకుతారు, భోజనాల వేళ దాకా వదలరు. నేను మాత్రం బాగా చదువుకుని, జాగ్రత్తగా, అయిదు వారాలు కష్టపడి చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఒక్క సంగతి. స్పీచ్ థెరపిస్ట్ అనగానే నత్తి, లేకపోతే మాటలు రాని పసిపిల్లలు గుర్తొస్తారు. పక్షవాతం వచ్చినవాళ్లు కూడా మా దగ్గరికి వస్తారు. మూతి వంకర పోయినవాళ్లు, మాట ముద్దగా వచ్చేవాళ్లు, గ్లాసును చూసి కాలిచెప్పు అనేవాళ్లు. వీళ్లను చూసి ఊళ్లో అందరూ అయ్యో అంటారు. ఎవరూ అయ్యో అనని ఒక రకం ఉంది. మాటలన్నీ ఉంటాయి, ప్రతి అక్షరం శుభ్రంగా పలుకుతుంది. మాటకు ఉండే ఎగుడుదిగుళ్లు మాత్రం పోతాయి. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ గొంతు లేపాలో, ఎక్కడ దించాలో ఆ లెక్కంతా తుడిచిపెట్టుకుపోతుంది. అడిగినా, అరిచినా, బతిమిలాడినా ఒకటే ఎత్తు.

మన దగ్గర దీనికంటే పెద్ద జబ్బు ఇంకొకటి లేదు. ఎందుకంటే మన ఊళ్లలో ఎవరి మీదైనా పితూరీ చెప్పాలంటే ఏమన్నారో చెప్పరు, ఎట్లన్నారో చెప్తారు. అన్నది మంచి మాటే, అన్న తీరు చూడు అంటారు. అన్నదమ్ములు విడిపోయేది, కోడళ్లు పుట్టింటికి పోయేది, పదేళ్లు పలకరింపులు బందయ్యేది ఆ తీరు మీదే. మాటలు ఉండి తీరు ఒక్కటే పోయిన మనిషిని చూసి ఎవరూ జబ్బు అనుకోరు. పొగరు అనుకుంటారు.

మా కేంద్రాన్ని ఒక చిన్న ట్రస్టు నడిపేది. అయిదు రోజులు కామారెడ్డిలో, గురువారం ఎల్లారెడ్డిలో. అక్కడ బస్టాండుకు కొంచెం దూరంగా, ఒకప్పుడు ఎరువుల బస్తాలు పెట్టిన గదిని అద్దెకు తీసుకున్నాం. సున్నం వేసినా యూరియా వాసన పోలేదు. నాతో పాటు ఒక ఫిజియోథెరపిస్ట్ వచ్చేవాడు. ఆయన గొంతులో తేనె ఉండేది. “ఇంత నొప్పి ఉండదు తల్లీ, జర ఓర్చుకో” అంటూ చెయ్యి వెనక్కి విరిచేవాడు, వాళ్లు కెవ్వుమని ఏడ్చి, లేచి దండం పెట్టి పోయేవాళ్లు. నేను చాయ్ తాగుతారా అని అడిగితే, ఏం తప్పు చేశామా అని చూసేవాళ్లు. గది తెరవడానికి, ఊడవడానికి, పేషెంట్లను వరసలో పిలవడానికి ఎల్లారెడ్డిలోనే ఉండే ఒక ఆయమ్మ. మేం ముగ్గురం.

ఒక గురువారం నలభై అయిదేళ్ల మనిషిని ఆమె భర్త తీసుకొచ్చాడు. ఎల్లారెడ్డికి అవతల ఒక చిన్న పల్లె వాళ్లది. రెండెకరాల మక్కజొన్న, మిగతా రోజులు కూలి. దసరా ముందు ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు. చెయ్యి చూడటానికి మా తేనె గొంతు ఉంది కదా, మరి నా బల్ల దగ్గరికి ఎందుకు వచ్చారో అర్థం కాలేదు. కాగితాలు తిరగేస్తుండగా ఆమె నన్ను చూసి అంది.

“నువ్వేం జేస్తవ్.”

ఎక్కడా ఎత్తు లేదు, దించడం లేదు. బండరాయి తెచ్చి బల్ల మీద పెట్టినట్టు పెట్టింది. నాకు చిర్రెత్తింది.

“నేనేం జేస్తనో తెల్వనప్పుడు ఇంత దూరం ఎందుకొచ్చినవమ్మా” అన్నాను.

అవతలి బల్ల నుంచి ఫిజియో దగ్గాడు. ఆమె భర్త చేతులు నలుపుకుంటూ, “కాదు మేడం, ఆమె అడుగుతున్నది. మీరు ఏం వైద్యం జేస్తరని అడుగుతున్నది. గొంతు గట్లనే వస్తది. అందుకే వచ్చినం” అన్నాడు.

ఈ జబ్బును గుర్తుపట్టడానికి రాష్ట్రం నాకు ఒక సర్టిఫికెట్ ఇచ్చింది. దాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు కూడా తగిలించాను. ఒక్క నిమిషంలో నేనే ఆ జబ్బుకు బోర్లా పడ్డాను, ఊళ్లో పక్కింటావిడ ఎట్లా పడుతుందో అట్లాగే. రెండెకరాల రైతు నాకు రోగనిర్ధారణ చెప్పాడు.

తర్వాత ఆయన చెప్పిన కథ ఇది. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ పెళ్లి కుదిరింది. శనగలు కోసే నెలాఖరుకు ముహూర్తం. బిడ్డ పెళ్లంటే మొదటి పిలుపు తల్లి పుట్టింటికి పోవాలి. ఆమె పుట్టిల్లు బిచ్కుంద దాటి ఇంకొంచెం లోపలికి, మరాఠీ సగం తెలుగు సగం మాట్లాడే ఊరు. అక్కడ ఉన్నది ఒక్క అన్న. తండ్రి తొందరగా పోతే పెంచిందీ, పెళ్లి చేసిందీ ఆయనే. పిలవడానికి మొగుడూ పెళ్లాలిద్దరూ వెళ్లారు. ఆమె వదినకు బొట్టు పెట్టి, అన్న వైపు తిరిగి, పెండ్లికి అందరు రావాలె అంది. ఆ బండరాయి గొంతుతోనే. అన్న ముఖం మాడిపోయింది. పిలుపు ఇట్లనేనా, రాకుంటే పీడా పోయె అన్నట్టు పిలుస్తరా అని అడిగి, లేచి పొలానికి పోయాడట.

అదొక్కటే అయితే సర్దుకునేది. ఆమె ఆసుపత్రిలో పడినప్పుడు ఆయన మూడో రోజు గాని రాలేదు. సోయా కోత మిషన్ అప్పుడే దొరికిందని ఆగాడు. ఆ రెండు రోజుల తప్పు ఆయన లోపల ములుకులా ఉంది. చెల్లెలి గొంతులో ఏ రాగమూ లేకపోయేసరికి, అక్కడ ఉంటుందని తాను భయపడుతున్న రాగాన్ని ఆయనే వేసుకుని విన్నాడు. నన్ను రమ్మని పిలవడానికి రాలేదు, నిలదీయడానికి వచ్చింది అని.

మేనమామ రాకపోతే పెళ్లి ఆగదు. కాని పెళ్లికి ముందు తల్లికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. అన్న చేతి బియ్యం ఒడిలో పడ్డాకే ఆమె బిడ్డ పెళ్లి పీటల దగ్గర కూర్చునేది. వరసకు అన్నయ్యే ఇంకొకాయన ఊళ్లోనే ఉన్నాడు, ఆయనతో పోయిస్తే సరిపోతుందని భర్త తరఫువాళ్లు తీర్మానం కూడా చేసేశారు. భర్త ఆ మాట నాకు చెప్తుంటే ఆమె అడ్డం వచ్చింది.

“మా అన్న రాకుంటే పెండ్లి అయితది. నేనైతే ఒడి పట్ట.”

ఇది కోపమో, ఏడుపో, మొండితనమో తెలుసుకోవడానికి గొంతులో ఏ ఆధారమూ లేదు. ముఖం వైపు చూశాను. అక్కడా పెద్దగా ఏం లేదు. కుడిచేయి మాత్రం కొంగు చివరను మెలిపెడుతోంది.

ఆమె అన్న మాటను రికార్డు చేసి ఆమెకే వినిపించాను. రెండుసార్లు పెట్టమంది. విన్నాక, “నేను గిట్లనే అన్ననా” అంది. తన లోపల ఆమెకు అన్నీ సరిగ్గానే వినిపిస్తున్నాయి మరి, ప్రేమ, బతిమిలాట, అన్నీ. బయటికి వచ్చేది ఏమిటో ఆ రోజే మొదటిసారి విన్నది. “మా అన్నది తప్పు లేదు” అంది.

నేను అప్పుడు ఒప్పుకోవాల్సింది, ఇది నెలల పని, ఏళ్లు కూడా పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు అని. ఒప్పుకోవడం నా జాతకంలో లేదు. పైగా పొద్దున తిన్న దెబ్బ ఒకటి ఉంది. అయిదు వారాల్లో నేర్పిస్తాను అన్నాను.

ఎలా నేర్పించానో వినండి, మీలో చాలామంది రేపు ఇదే చేస్తారు. నా గొంతుతోనే ఒక వాక్యం రికార్డు చేశాను. “అన్నయ్యా, వదినా, పెళ్లికి మీరందరూ తప్పకుండా రావాలి.” తప్పకుండా అనే చోట గొంతు ఎక్కాలి, రావాలి దగ్గర మెల్లగా దిగాలి. ఎక్కడ ఎక్కాలో అక్కడ కుడిచేత్తో మోకాలి మీద కొట్టుకోమన్నాను. ల్యాప్‌టాప్ తెర మీద గొంతు గీతలా కనిపిస్తుంది. నా గీత గుట్టలు గుట్టలుగా ఉంటే ఆమెది కాలువ గట్టులా ఉండేది. ఆ గట్టును గుట్ట చెయ్యాలి, అదీ పని. రికార్డింగును ఆమె భర్త ఫోన్‌లోకి పంపాను. ఆయన మక్కకు మందు కొడుతూ కూడా అది పెట్టేవాడట, ఆమె గట్టు మీద కూర్చుని మోకాలు కొట్టుకుంటూ అప్పజెప్పేది. పక్క చేను వాళ్లకు కూడా కంఠతా వచ్చేసింది.

ఆమెలాంటి పేషెంటు నాకు మళ్లీ దొరకలేదు. ఒక్క గురువారం తప్పలేదు. మోకాలి మీద కొట్టుకుని కొట్టుకుని, చీర ఆ చోట మాసిపోయి వచ్చేది. మూడో వారం గీత కదిలింది. నాలుగో వారం లేచింది. అయిదో వారం తెర మీద ఆమె గీతను నా గీత మీద పెడితే రెండూ దాదాపు కలిసిపోయాయి. ఫోటో తీసి ట్రస్టు పెద్దసారుకు పంపాను. ఆయన దండం పెట్టే బొమ్మలు మూడు పంపాడు.

గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి విన్నది.

“ఎవలింట్ల మాట్లాడుతరమ్మా గట్ల? టీవీల చీరలు అమ్మేటామె లెక్క ఉన్నది” అంది.

నువ్వు చీపురు సంగతి చూసుకో, గొంతు సంగతి నేను చూసుకుంటా అన్నాను. ఆయమ్మ చీపురు సంగతి చూసుకుంది.

ఆ ఆదివారం వాళ్లు మళ్లీ బిచ్కుంద వైపు పోయారు. గురువారం వచ్చి భర్త చెప్పాడు, ఒక్క మాట కూడా పెంచకుండా. నన్ను తిట్టి ఉంటే సులువుగా ఉండేది. అన్న బువ్వ తింటున్నాడు. ఆమె గడపలో నిలబడి, తొడ మీద కొట్టుకుంటూ, గుట్టలు గుట్టలుగా అప్పజెప్పింది. అన్నయ్యా, వదినా, పెళ్లికి మీరందరూ తప్పకుండా రావాలి. వదిన తల దించుకుంది. అన్న ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

“ఎవల లెక్క మాట్లాడుతున్నవే. నన్ను ఎక్కిరియ్యనీకి వచ్చినవా” అన్నాడట.

పళ్లెంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మొదటిసారి చెల్లె కోపంతో వచ్చిందనుకున్నాడు, ఈసారి వెక్కిరించడానికి వచ్చిందనుకున్నాడు. అయిదు వారాల చికిత్సతో నేను సాధించింది అది. మా రిపోర్టుల్లో దీన్ని పురోగతి అంటారు.

నేను ఎక్కడినుంచో ఊడిపడ్డ మనిషినైతే ఒక సాకు ఉండేది. నేను కామారెడ్డి పిల్లనే. మా అమ్మ గోడ మీంచి పక్కింటామెను బోనాలకు పిలిచిన రాగం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, దానికి ఏ తెరా అక్కర్లేదు. రావాలె అనే మాటలో లె దగ్గర సాగదీసి, వదిలేసి, మళ్లీ పట్టుకునేది. హైదరాబాదులో కాలేజీలో చేరిన మొదటి నెలలోనే నా మాట విని అందరూ నవ్వారు. ఆ నవ్వుకు భయపడి నేను ఇంకో గొంతు కుట్టించుకున్నాను, పెళ్లికి పోయేటప్పుడు వేసుకునే చీరలాగా. తర్వాత తర్వాత డ్యూటీ గొంతు అంటే అదే అనుకున్నాను. ఇంట్లో మా తమ్ముడిని “ఏందిరా, వస్తవా రావా” అని పిలిచే నేను, బల్ల ముందు కూర్చోగానే రేడియోలో వాతావరణం చెప్పేదాన్నయిపోతాను. ఆ గొంతునే తీసుకెళ్లి, తన అన్నను జన్మలో మీరు అనని మనిషి నోట్లో పెట్టాను. ఆ గొంతు ఎక్కే చోట బిచ్కుంద అవతల ఎవరూ ఎక్కరు, దిగే చోట ఎవరూ దిగరు. ఆయమ్మకు అయిదు సెకన్లలో తెలిసిన సంగతి నాకు అయిదు వారాల్లో తెలియలేదు.

ఆయమ్మకు క్షమాపణ చెప్పాలనుకున్నాను. నాకు అలవాటు లేదు. ఆ రోజు చాయ్ నేనే పెట్టి ఇచ్చాను. తీసుకుని, చక్కెర తక్కువైందంది.

ముహూర్తానికి ఇంకా పదిహేడు రోజులున్నాయి. ఆయమ్మ గొంతు రికార్డు చేసి కొత్తగా మొదలుపెడితే గట్టు మళ్లీ గట్టే అయింది. మా ఫిజియో, కావాలంటే తాను వెళ్లి అన్నతో నెమ్మదిగా మాట్లాడతానన్నాడు. నీ తేనె నువ్వే ఉంచుకో, పిలవాల్సింది చెల్లెలు అన్నాను. మా పుస్తకాల్లో పెద్ద పెద్ద పద్ధతులన్నీ అయిపోయాక చివర ఒక మూల ఒక చిన్న ఉపాయం ఉంటుంది. గొంతుతో చూపించలేనిదాన్ని మాటతో చెప్పెయ్యమని. కోపం లేదు అని చెప్పు. అడుగుతున్నాను అని చెప్పు. ఇన్నేళ్లలో నేను దాన్ని ఎవరికీ చెప్పలేదు, అది చేతకానితనం అనిపించేది.

ఆమెకు చెప్పాను.

“ఏడుస్తున్న అని చెప్పుకుంట ఏడుస్తరా ఎవలన్న?”

అందరికీ గొంతులో ఉచితంగా వచ్చేదాన్ని ఈమె ఒక్కతే నోరు విడిచి చెప్పుకోవాలి. ఆత్మాభిమానం ఉన్నవాళ్లకు అది గుడ్డలిప్పుకుని నిలబడటంతో సమానం. ఆమె, “నువ్వు గూడ రా” అంది. అది ఆజ్ఞా, బతిమిలాటా, సవాలా అని ఆలోచించే ఓపిక నాకూ లేకపోయింది. వెళ్లాను.

ఆదివారం పొద్దున బస్సులో బాన్సువాడ, అక్కడ ఇంకో బస్సు, బిచ్కుందలో దిగి ఆటో. దారంతా ఆమె ఏమీ అప్పజెప్పలేదు, మోకాలు కొట్టుకోలేదు. మేం పోయేసరికి అన్న వాకిట్లో తాటిపత్రి పట్టా పరిచి శనగలు ఆరబోస్తున్నాడు. పొడుగాటి మనిషి, తలకట్టు. పక్కింటి ముసలాయన అరుగు మీద కూర్చుని మరాఠీలో ఎవరని అడిగితే, అన్న మరాఠీలోనే ముక్తసరిగా ఏదో అన్నాడు. ముసలాయన ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

నోరు మూసుకుని ఉండాలని బస్సులో నాకు నేను చెప్పుకున్నాను. మూడు నిమిషాలు ఉన్నాను. తర్వాత, మీ చెల్లెలికి మెదడులో ఒక భాగం దెబ్బతిన్నది, మాట రాగం అక్కడ ఉంటుంది అని మొదలుపెట్టాను. ఆయన చేతిలోని శనగలు కింద వదిలాడు.

“మెదడు కరాబైతే మాటలు పోవాలె గద. మాటలన్ని మంచిగనే ఉన్నయ్. మర్యాద ఒక్కటే పోయిందా?”

ఇరవై ఆరేళ్లలో నన్ను ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. మా పరీక్షల్లో దీన్నే పదిహేను మార్కులకు ఇస్తారు. సంతోషం పట్టలేక, “సరిగ్గా అదే పోయింది, అదొక్కటే పోయింది” అన్నాను. నా నోట్లోంచి వచ్చేసరికి అది ఎలా వినిపించిందో ఆయన ముఖం చూస్తే తెలిసింది.

“ఓహో, ఈమె దగ్గరనా నేర్చుకున్నది” అన్నాడు ముసలాయనతో.

ముసలాయన తల ఊపాడు, తెలుగు ఎంత అర్థమైందో గాని. ఆమె భర్త నేల చూపులు చూస్తున్నాడు. ఇక పని చెడిందనుకున్నాను. అప్పుడు ఆమె తాటిపత్రి అంచు దాకా నడిచి నిలబడింది. ప్రతి మాటా పక్కమాటకు సమానమైన ఎత్తులో, ఇటుకలు పేర్చినట్టు చెప్పింది.

“అన్నా. నేను కోపంల లేను. గొంతు గిట్లనే వస్తది. దవాఖానల ఉన్నప్పుడు కోపముండె. రెండు దినాలు తలుపు దిక్కే చూసిన. నువ్వు రాలే. ఇప్పుడు లేదు.”

ఇది మేం అనుకున్నది కాదు. కోపం లేదు అని చెప్పమన్నాను గాని, ఆ రెండు రోజుల ఊసు ఎత్తమని ఎవరు చెప్పారు? ఆపబోయాను. ఆమె భర్త నా వైపు చూసి వద్దన్నట్టు తల ఆడించాడు. పేషెంటు భర్త నన్ను ఆపడం అది రెండోసారి. రెండుసార్లూ ఆయనదే ఒప్పు.

“ఇప్పుడు ఏడుస్తున్న. గొంతుల కనవడది. లోపట ఏడుస్తున్న. నువ్వు రావాలె. నేను బతిమిలాడుతున్న.”

వదిన లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్న వంగి, శనగలను అరచేత్తో అటు నెట్టాడు, ఇటు నెట్టాడు. ఆరినవాటినే మళ్లీ ఆరబోశాడు.

“మిషన్ ఆ దినమే దొరికింది. వాన మీదికొస్తుండె” అన్నాడు, శనగలతో.

“తెలుసు” అంది ఆమె.

ఆయన తలెత్తాడు. ఆ తెలుసు ఏ అర్థమైనా ఇవ్వగలదు. నీ సాకు నాకు తెలుసు అనీ అవుతుంది, పోనీలే అనీ అవుతుంది. ఆయన చాలాసేపు ఆమె ముఖం చూసి అడిగాడు.

“ఎత్తిపొడుస్తున్నవా?”

“లేదు. తెలుసు అనే అంటున్న.”

“సరే” అన్నాడు ఆయన.

అంతే. వస్తాననలేదు. వదిన అందరికీ నీళ్లిచ్చింది, బువ్వ తినిపొమ్మంది. తిన్నాం. వచ్చేటప్పుడు ఆయన, చూస్త అన్నాడు. మన దగ్గర చూస్త అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. వచ్చేటప్పుడు బస్సులో ఆమె, నువ్వు నడుమ మాట్లాడకుంటే ఎప్పుడో అయిపోతుండె అంది నాతో. భర్త కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

నెలాఖరుకు రిపోర్టు రాయాలి. ఆమె గొంతును మళ్లీ తెర మీద పెట్టి చూశాను. అదే కాలువ గట్టు, ఒక్క మెట్టు కూడా లేవలేదు. ఫలితం అనే గడిలో మార్పు లేదు అని రాశాను. పెద్దసారు ఫోన్ చేసి, మొన్న ఫోటోలో గుట్టలున్నాయి కదా, అవి ఏమయ్యాయి అని అడిగాడు. అవి నావండీ, వెనక్కి తీసుకున్నాను అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నేను మామూలుగానే చెప్పాను. మూడు నెలలు నా ఎల్లారెడ్డి బస్సు ఛార్జీల కాగితం ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

పెళ్లి వాళ్ల ఇంటి ముందే, పందిట్లో. పిలిచారు, పోయాను. నేను, ఆయమ్మ, ఫిజియో ఒకే ఆటోలో. ఒడిబియ్యం పొద్దున తొమ్మిదింటికి అన్నారు. పసుపు కలిపిన బియ్యం గంపలో ఉంది, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, పోకలు పళ్లెంలో ఉన్నాయి. ఆమె పీట మీద కూర్చుని ఉంది. తొమ్మిది దాటింది, తొమ్మిదిన్నర దాటింది. బిచ్కుంద వైపు నుంచి ఎవరూ లేరు. ఊళ్లోని వరస అన్న కొత్త ధోవతి కట్టుకుని తయారుగా ఉన్నాడు. పెళ్లి చేయించే అయ్యవారు గడియారం చూసుకుంటున్నాడు. పెద్దవాళ్లు, ఇంకెంతసేపమ్మా, కొంగు పట్టు, ఈయనే పోస్తడు అని మొదలుపెట్టారు.

“ఆగుండ్రి” అంది ఆమె.

కొంగు ఒళ్లో మడిచిపెట్టుకుని, మంచి చెయ్యి దాని మీద పెట్టుకుని కూర్చుంది. ఇంకెవరైనా అయితే ఆ మాటలో కొంత వణుకు ఉండేది, ఆ వణుకు పట్టుకుని ఒప్పించేవాళ్లు. ఇందులో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అందరూ ఆగారు.

పదింటికి ఒక జీపు వచ్చి పందిరి బయట ఆగింది. ముందు వదిన దిగింది చీరల సంచితో. వెనక అన్న, భుజం మీద బియ్యం మూట. తనింటి బియ్యమే పోస్తానని తెచ్చాడట, దారిలో టైరు పంచరైందట, అవన్నీ తర్వాత తెలిశాయి. జనం దారి ఇచ్చారు. ఆయన పీట ముందుకు వచ్చి మూట దించి నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసింది.

“ఇప్పుడా వచ్చేది” అంది.

వరస అన్న ధోవతి సర్దుకున్నాడు. భర్త రెండడుగులు ముందుకు వేశాడు, నా నోరు దానంతటదే తెరుచుకుంది, ఆయమ్మ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. అన్న కొంచెం వంగి, అందరికీ వినిపించేలాగే అడిగాడు.

“కోపమా?”

“ఆఁ. కోపమే.”

ఆయన గట్టిగా నవ్వాడు. చెమట తుడుచుకుని, తలకట్టు విప్పి భుజం మీద వేసుకుని, చెల్లెలి ముందు మోకాళ్ల మీద కూర్చుని మూట ముడి విప్పాడు. వదిన వచ్చి ఆమె ఎడమ పక్కన కూర్చుంది, ఆ చెయ్యి లేవదు కాబట్టి అటువైపు కొంగు తాను అందుకోవడానికి. అన్న దోసిలి నిండా బియ్యం తీసుకున్నాడు.

“పట్టు మరి” అన్నాడు.

ఆమె ఒడి పట్టింది.